జీతం ముట్టని ఆచార్యుడు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమనగానే, వీపనగండ్లలో విశ్రాంత జీవితం గడుపుతున్న నాకు ఆచార్య జగదీశ్ చంద్ర బోసు గారు గుర్తుకు వచ్చారు. మొక్కలకు స్పందన ఉందని చాటినవారిగా మన పిల్లలు ఆయనను చదువుకున్నారు. ఆయన ఉద్యోగ జీవితం మాత్రం మన పింఛనుదారులు తెలుసుకోవలసినది.

బోసు గారు 1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి డిప్యూటీ మేజిస్ట్రేటు అయినా కుమారుణ్ణి మొదట బెంగాలీ బడికే పంపారు. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా చేరారు. ఆనాడు భారతీయునికి ఆంగ్లేయుని జీతంలో మూడింట రెండు వంతులే. తాత్కాలిక నియామకమని బోసు గారికి అందులోనూ సగమే ఇవ్వజూపారు.

ఆయన ఉద్యోగం మానలేదు, జీతమూ ముట్టలేదు. మూడేళ్లు పైసా తీసుకోకుండా పాఠాలు చెప్పారు. ఇంటి మీద తండ్రి అప్పులున్నాయి. 1887లో వివాహమూ అయింది. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, ఆయనను స్థిరపరచి, చేరిన నాటి నుండి పూర్తి జీతం బకాయిలతో సహా చెల్లించింది. పే ఫిక్సేషను కాగితాలు పట్టుకొని తిరిగిన మనకు ఆ మూడేళ్ల బరువు తెలుస్తుంది.

తర్వాత కళాశాలలోనే ఒక చిన్న గదిలో, రేకుపని చేసే మనిషిని సాయం పెట్టుకొని పరికరాలు చేయించారు. 1895లో కలకత్తా టౌన్ హాలులో, గోడలను దాటి వెళ్లిన అదృశ్య తరంగాలతో గంట మోగించి, మందుగుండు పేల్చి చూపారు. అటుపైన 5 మిల్లీమీటర్ల పొడవు గల తరంగాలను సైతం పుట్టించారు. నేడు మైక్రోవేవ్‌లనే తరంగాలు ఈ జాతివే.

ఇంత పొట్టి తరంగాలను పుట్టించే చిన్న పరికరం ఒక్కొక్కటి ఇచ్చే శక్తి స్వల్పం. అందుకని తర్వాతి ఇంజనీర్లు అనేక పరికరాల శక్తిని ఒకచోట కలిపే పద్ధతులు కనిపెట్టారు. ఊరికే కలిపితే చాలదు. ఒకటి పైకి లేచే వేళ మరొకటి కిందికి దిగితే రెండూ చెల్లిపోతాయి. భజనలో తాళాలన్నీ ఒకరి తాళాన్ని అనుసరించినట్లు, అన్నిటికీ ఒకే మూల సంకేతం అందించి లయ కలపాలి. తిరుపతి దగ్గరి గాదంకిలో 1990లలో నెలకొల్పిన వాతావరణ రాడార్‌లో తరంగాలు మీటర్ల పొడవువే గాని, సూత్రం ఇదే. 32 ట్రాన్స్‌మిటర్లు, 1024 యాంటెన్నాలు లయ తప్పకుండా పనిచేసి, మొత్తం 25 లక్షల వాట్ల గరిష్ఠ శక్తిని ఆకాశంలోకి పంపేవి.

బోసు గారు 1915లో పదవీ విరమణ చేశారు. అంతటితో ఇంట్లో కూర్చోలేదు. రెండేళ్లకు, 1917లో తమ పుట్టినరోజునే కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరాన్ని ప్రారంభించి, చివరి వరకు దాని బాధ్యత చూశారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. ఆ సంస్థ నేటికీ పనిచేస్తున్నది. ఇంట్లో పిల్లలు మొక్కల పాఠం చదివేటప్పుడు, ఆ మూడేళ్ల జీతం సంగతి కూడా వారికి చెప్పవలసినదిగా సభ్యులను కోరుతున్నాను.