ఆలస్యంగా మొదలుపెట్టి విజేత అయిన సుల్తాన్ ఖాన్

ప్రతి ఏడాదీ వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక పాత విద్యార్థులం నలుగురైదుగురం హాస్టల్ వరండాలో చదరంగం బోర్డులు పరుచుకుని కూర్చోవడం మనందరికీ తెలిసిందే. మాలో ఒకరు బస్సు డిపోలో పని చేస్తున్నారు. ఒకరు రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్తున్నారు. ఒకరు చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాస్తున్నారు. మరొకరు పల్లెలో బడిపంతులు. చుట్టూ ఇప్పటి తమ్ముళ్ళు నిలబడి చూస్తుంటారు. ఏడో తరగతి పిల్లవాడు ఎవడో వచ్చి ఎదురుగా కూర్చుని, అరగంటలో మా ఆట కట్టించి లేచిపోతాడు. అప్పుడు మేము చెప్పుకునే సాకులు మూడు. మాకు వయసు దాటిపోయింది. తీరిక లేదు. నేర్పేవాళ్ళు లేరు.

ఈ మూడూ అబద్ధాలు కావు. కానీ ఈ మూడు ఇబ్బందులూ ఉండి కూడా ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళ సరసన కూర్చున్న ఒక మనిషి ఉన్నారు. ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. ఈ సంచికలో ఆయన జీవితం గురించి రాయాలని మేమందరం అనుకున్నాము.

సుల్తాన్ ఖాన్ 1903లో పంజాబులో సర్గోధా ప్రాంతంలోని మిఠా తివానా అనే ఊళ్ళో పుట్టారు. కొన్ని పుస్తకాల్లో 1905 అని ఉంది. ఆ ప్రాంతం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి దగ్గర చదరంగం నేర్చుకున్నారు. అయితే ఆయన నేర్చుకున్నది ఇప్పుడు మనం పోటీల్లో ఆడే ఆట కాదు, మన దేశపు పాత పద్ధతి ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది, రెండు గడులు దూకదు. రాజుకు కోట కట్టుకునే పద్ధతి వేరు. బంటు చివరి వరుసకు చేరితే అన్నిసార్లూ మంత్రి కాలేదు, ఏ గడికి చేరితే ఆ గడికి చెందిన బలమే అవుతుంది. మన పల్లెల్లో గుడి మంటపాల బండల మీద పులిజూదం గీతలు చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. పెద్దలు ఆడిన ఆటలకు పుస్తకాలు ఉండవు, చూసి నేర్చుకోవడమే. సుల్తాన్ ఖాన్ చదువు కూడా అలాంటిదే.

ఇరవై ఏళ్ళు దాటేసరికి పంజాబులో ఆయనను మించిన ఆటగాడు లేడన్న పేరు వచ్చింది. ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయనను తన దగ్గర చేర్చుకుని, ఐరోపా పద్ధతి ఆట నేర్పించారు. అంటే చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన ఎత్తులను పక్కన పెట్టి, పెద్దవాడయ్యాక కొత్త నియమాలు నేర్చుకోవలసి వచ్చింది. తెలియనిది నేర్చుకోవడం కంటే అలవాటైనది మానుకోవడం కష్టం. ఉద్యోగంలో చేరాక కంప్యూటర్ నేర్చుకున్న మాలాంటి వాళ్ళకు అది అనుభవమే. అయినా 1928లో జరిగిన అఖిల భారత పోటీలో ఆయన తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచి, ఒకటి డ్రా చేసి, ఒక్కటి కూడా ఓడకుండా విజేత అయ్యారు.

1929లో సర్ ఉమర్ ఆయనను లండన్ తీసుకువెళ్ళారు. అక్కడ ఆయన కోసమే ఒక చిన్న సాధన పోటీ పెట్టారు. అందులో సుల్తాన్ ఖాన్ చివరి స్థానంలో నిలిచారు, మరొకరితో కలిసి. ఆట ఆరంభంలో ఐరోపా వాళ్ళు పుస్తకాల్లో చదివి వేసే ఎత్తులు ఆయనకు తెలియవు. ఇంగ్లీషు పెద్దగా రాదు. అలవాటు లేని చలి వల్ల తరచు జలుబు, గొంతు నొప్పి. మలేరియా జ్వరం కూడా ఆయనను వదల్లేదు. ఊరు విడిచి, భాష తెలియని చోట, తొలి పరీక్షలోనే చివరిగా మిగిలిన మనిషి ఆయన. పల్లె నుంచి ట్రంకుపెట్టెతో ఈ హాస్టల్‌కు వచ్చి, తిరుపతి కాలేజీలో ఇంగ్లీషు మీడియం క్లాసులో మొదటిరోజు కూర్చున్న ప్రతి ఒక్కరం ఆ స్థితిని ఊహించుకోగలం.

అక్కడే ఆయన జీవితంలో ముఖ్యమైన మలుపు వచ్చింది. ఆ సాధన పోటీలో ఆయన కంటే ముందు నిలిచిన విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇద్దరు ఆటగాళ్ళు ఆయనతో కూర్చుని సాధన చేయించారు. తనను దాటిపోయినవాళ్ళ దగ్గరే ఆయన నేర్చుకున్నారు. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్ అనే పట్టణంలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ జరిగింది. సుల్తాన్ ఖాన్ అందులో గెలిచి అందరినీ ఆశ్చర్యపరిచారు. కొద్ది నెలల కిందట చివర నిలిచిన మనిషి, మన దేశాన్ని ఏలుతున్నవాళ్ళ దేశంలో, వాళ్ళ ఆటలో మొదటివాడయ్యారు.

ఆ తర్వాత భారతదేశం వచ్చి, 1930లో మళ్ళీ ఐరోపా వెళ్ళారు. ఆ ఏడాది లీజ్ పోటీలో టార్టకోవర్ తర్వాత రెండో స్థానం పొందారు. 1930 డిసెంబరులో మొదలైన హేస్టింగ్స్ పోటీలో క్యూబా దేశస్థుడు కాపబ్లాంకాతో తలపడ్డారు. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపబ్లాంకాను ఓడించడం అంటే మాటలు కాదు. ఆ ఆట 65 ఎత్తులు సాగింది. మెరుపు దాడి ఏదీ లేదు. కొంచెం కొంచెంగా చోటు ఆక్రమిస్తూ, ఎదుటివారికి కదలడానికి వీలు లేకుండా చేసి గెలిచారు. 1931లో టార్టకోవర్‌తో జరిగిన ముఖాముఖి పోటీలో కూడా గెలిచారు. 1930లో హాంబర్గ్‌లో, 1931లో ప్రాగ్‌లో, 1933లో ఫోక్‌స్టోన్‌లో జరిగిన ఒలింపియాడ్లలో ఇంగ్లండ్ జట్టుకు మొదటి బోర్డు మీద ఆడారు. 1932, 1933 సంవత్సరాల్లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ మళ్ళీ గెలుచుకున్నారు. అదే 1933లో సర్ ఉమర్ ఇంట్లోనే ఉండిన ఫాతిమా అనే యువతి మహిళల బ్రిటిష్ ఛాంపియన్ అయింది. ఆమె గురించి మన చెల్లెళ్ళు కూడా తెలుసుకోవాలి. కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు పేపర్లలో ఆమె ఫోటో కత్తిరించి దాచుకున్నవాళ్ళం మేము. అంతకు దాదాపు 70 ఏళ్ళ ముందే మన ఉపఖండపు యువతి ఒకరు అంత పని చేశారు.

1933 చివర సర్ ఉమర్ స్వదేశానికి తిరిగి వచ్చారు. సుల్తాన్ ఖాన్ కూడా ఆయనతో వచ్చేశారు. అప్పటికి ఆయనకు వయసు ముప్పై, ఆటలో మంచి ఊపు మీద ఉన్నారు. 1935లో ఖాడిల్కర్ అనే ఆటగాడితో పది ఆటలు ఆడి, తొమ్మిది గెలిచి ఒకటి డ్రా చేశారు. ఆ తర్వాత చదరంగం లోకానికి ఆయన కనిపించలేదు. ఐరోపా వెళ్ళి రావడానికి డబ్బు కావాలి, నెలల తరబడి తీరిక కావాలి. ఆ రెండూ ఆయన చేతిలో ఉన్నవి కావు. ఆట ఆయనదే కానీ కాలం ఆయనది కాదు. సొంత ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటూ బతికి, 1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయ వ్యాధితో కన్నుమూశారు. తన పిల్లలకు ఆయన చదరంగం నేర్పలేదని, జీవితానికి ఇంకా ఉపయోగపడే పని చూసుకోమన్నారని ఆయన కొడుకు చెప్పినట్లు రాశారు. ఈ సంగతి చదివినప్పుడు మాలో ఎవరికీ కాసేపు మాట రాలేదు.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1950లో మొదటిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చినప్పుడు ఆయన పేరు అందులో లేదు. ఆయన పోయిన 58 ఏళ్ళకు, 2024 ఫిబ్రవరిలో గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాలా పుస్తకాలు ఆయనను నౌకరు అనీ, బానిస అనీ, అక్షరం రానివాడు అనీ రాశాయి. ఆయన కుటుంబం వాళ్ళు దీన్ని ఒప్పుకోరు. పరువు గల కుటుంబం మనిషిని పట్టుకుని వింత కథ చేశారని వాళ్ళ బాధ. ఆ బాధ మనకు అర్థమవుతుంది. హాస్టల్ పిల్లలు అని ఒక్క ముక్కలో తీసిపారేసే చూపు మనకు కొత్త కాదు. మంచి మార్కులు వచ్చినా హాస్టల్ వాడికి ఇన్ని మార్కులా అని ముందు వింతపడతారు, ఆ తర్వాతే మెచ్చుకుంటారు. అందుకే మేము సుల్తాన్ ఖాన్‌ను వింత మనిషిగా చూడడం లేదు. నేర్చుకున్న మనిషిగా చూస్తున్నాము.

ఆయన జీవితం నుంచి పనిపాటలు చేసుకునే మాలాంటి వాళ్ళకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మనకంటే బాగా ఆడేవాళ్ళతో ఆడి, ఓడాక సిగ్గుపడకుండా ఎక్కడ తప్పామో వాళ్ళనే అడగాలి. ఆ ఏడో తరగతి తమ్ముడినైనా సరే.

రెండోది, తీరిక తక్కువ ఉన్నవాళ్ళు ఆరంభపు ఎత్తులు వందలకొద్దీ బట్టీ పట్టే బదులు, ముగింపు ఆట నేర్చుకోవాలి. రెండు రాజులు, ఒక బంటు పెట్టుకుని కూర్చోండి. రాజులు ఎదురెదురుగా నిలిచి మధ్య ఒక్క గడి ఖాళీ ఉన్నప్పుడు, ఎవరి వంతు వస్తే వాళ్ళు దారి వదలక తప్పదు. ఈ ఒక్క కిటుకు తెలిస్తే ఎన్నో ఆటలు ఓటమి నుంచి బయటపడతాయి. షిఫ్టు దిగి వచ్చాక పావుగంట దీనికి చాలు.

మూడోది, ఆడిన ఆట ఎత్తులు నోటుబుక్కులో రాసుకోవాలి. 1948లో ప్రపంచ ఛాంపియన్ అయిన రష్యా దేశస్థుడు బొట్విన్నిక్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆ వృత్తి వదలకుండానే ఆడారు. తన ఆటలను తానే తప్పులు పట్టుకుంటూ పరిశీలించడం ఆయన పద్ధతి. రోజూ పది ఆటలు గబగబా ఆడేసే కంటే, ఆదివారం ఒక్క ఆట నిదానంగా ఆడి, సోమవారం దాన్ని మళ్ళీ చూసుకోవడం మేలు. గత రెండేళ్ళుగా మేము ఇదే చేస్తున్నాము. ఇంకా ఓడుతూనే ఉన్నాము, కానీ ఎందుకు ఓడామో తెలుస్తోంది.

తమ్ముళ్ళూ, సుల్తాన్ ఖాన్‌కు ఆట ఉంది, కాలం లేదు. మాకు వారానికి ఒక పూట అయినా మాది అని చెప్పుకునే కాలం ఉంది. ఆ పూట కూడా మాకు ఊరికే రాలేదు. ఈ హాస్టల్ పెట్టిన అన్నం, చెప్పించిన చదువు, దాని వల్ల వచ్చిన చిన్న ఉద్యోగం ఇచ్చిన పూట అది. దాన్ని వృథా చేయకూడదని మా ఉద్దేశం. అందుకే పాత విద్యార్థుల తరఫున ఈసారి నాలుగు చదరంగం బోర్డులు తెచ్చి వార్డెన్ గారికి అప్పగిస్తున్నాము. ప్రతి నెలా మొదటి ఆదివారం మాపటేళ మాలో ఇద్దరు తప్పకుండా వస్తాము. మాకు తెలిసింది మీకు చెబుతాము. మీరు ఓడించిన చోట మీ దగ్గర నేర్చుకుంటాము.