జహంగీరు పాదుషా - మధుపాత్ర

జహంగీరు పేరు వినగానే మనకు న్యాయఘంట, నూర్జహాను, కాశ్మీరపు తోటలు జ్ఞప్తికి వస్తాయి. సినిమాలు చూసినవారికి అనార్కలి కూడ జ్ఞప్తికి వస్తుంది. ఆ కథకు చరిత్రలో గట్టి ఆధారం లేదు గనుక దానిని ఇక్కడ విడిచిపెడుతున్నాను. ఆయన జీవితంలో అంతకన్న గమనింపదగిన వృత్తాంతం మరొకటి ఉంది. తాను మద్యానికి ఎట్లు లోబడినాడో, ఆ వ్యసనంతో ఏండ్ల తరబడి ఎట్లు పెనుగులాడినాడో ఆయనే స్వయంగా పారసీక భాషలో, తుజుకె జహంగీరీ అనే స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. సామాన్యుడైనా దాచుకొనే సంగతిని చక్రవర్తి దాచలేదు.

ఆయన 1569లో ఫతేపూర్ సిక్రీలో జన్మించాడు. తల్లి అంబేరు రాజు భార్‌మల్ కుమార్తె. పుట్టిన బిడ్డలు దక్కక పరితపించిన అక్బరు, సూఫీ మహనీయుడైన షేక్ సలీం చిష్తీ దీవెనల వల్లనే వారసుడు కలిగాడని విశ్వసించి, బిడ్డకు ఆ మహనీయుని పేరే పెట్టాడు. పసితనంలో ఒకటి రెండుసార్లు దాదులు మందుగా పట్టిన తులమెత్తు సారా, అదీ నీళ్లు, పన్నీరు కలిపినది, తప్ప పద్దెనిమిదో ఏడు వచ్చేదాకా సలీము మద్యం ముట్టలేదు.

మొదటి గిన్నె కథ చాల చిన్నది. యూసుఫ్‌జాయీ ఆఫ్ఘనుల మీద దండయాత్ర సాగుతున్న రోజులలో అక్బరు శిబిరం సింధునది ఒడ్డున అటక్ వద్ద విడిసి ఉంది. యువరాజు వేటకు పోయి బాగా అలసిపోయాడు. ఒక గుల్లు పుచ్చుకొంటే బడలిక తీరుతుందని వెంట ఉన్న తుపాకీ ఉస్తాదు ఒకడు సలహా ఇచ్చాడు. యౌవనం గదా, మనస్సు అటు మొగ్గింది. హకీం అలీ ఇంటికి మనిషిని పంపితే చిన్న సీసాలో గిన్నెన్నర పచ్చని, తియ్యని ద్రాక్షాసవం వచ్చింది. తాగాడు, బాగుందనిపించింది. బలవంతం చేసినవారు లేరు, దుఃఖమేదీ లేదు. అలసట, చేరువలో ఒక మిత్రుని మాట, అంతే. మన యువకులకు మొదటి సిగరెట్టు అందే తీరు కూడ సాధారణంగా ఇదే.

ఆనాటి నుండి మోతాదు దినదినం పెరిగింది. కొన్నాళ్లకు ద్రాక్షాసవం మత్తెక్కించడం మానింది. సారాకు దిగాడు. తొమ్మిదేండ్లు గడిచేసరికి రెండుసార్లు బట్టీ పట్టిన సారా రోజుకు ఇరవై గిన్నెలైంది. పగలు పద్నాలుగు, తక్కినవి రాత్రి. ఆ రోజులలో ఆయన ఆహారం ఒక కోడి, కాస్త రొట్టె, ముల్లంగి మాత్రమే. వారించగల ధైర్యం ఎవరికీ లేదు. చివరకు చేతులు ఎంతగా వణికాయంటే గిన్నె పట్టుకోలేకపోయాడు. పరిజనులు పట్టుకొని తాగించవలసి వచ్చింది. భావి హిందూస్థాన పాదుషా స్థితి అది.

అప్పుడు హకీం హుమాంను పిలిపించి తన పరిస్థితి చెప్పుకొన్నాడు. హకీం అబుల్ ఫతహ్ సోదరుడైన ఈ వైద్యుడు అక్బరు కొలువులో ఎన్నదగినవాడు. ఆయన మొగమాటపడలేదు. ఇదే తీరున సాగితే ఆరు నెలలలో చికిత్సకు అందని స్థితి వస్తుందని నిర్మొగమాటంగా చెప్పాడు. సుల్తానుల ఎదుట తీపి మందులు మాత్రమే పలికే వైద్యులు మెండుగా ఉన్న కాలంలో ఈ హకీం పలుకు ఎంత విలువైనదో చెప్పనలవి కాదు. ప్రాణం తీపి గనుక యువరాజు విన్నాడు.

విని ఒక్కనాటితో మానలేదు. మోతాదు మెల్లమెల్లగా తగ్గించసాగాడు. సారాను నేరుగా తాగక, రెండుపాళ్లు ద్రాక్షాసవానికి ఒక పాలు సారా కలిపించాడు. ఇరవై గిన్నెలు ఆరు గిన్నెలు కావడానికి ఏడేండ్లు పట్టింది. పగటి పానం మానాడు. కొంతకాలానికి గురువారం రాత్రి ముట్టరాదని నియమం పెట్టుకొన్నాడు. ఆయన సింహాసనమెక్కిన వారమది, మరునాడు పవిత్రమైన జుమా. మితిమీరిన పానానికి అలవడిన దేహానికి మద్యం ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు, సంధి ప్రేలాపన వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చునని, వైద్యుని కనుసన్నలలోనే మానవలెనని నేటి వైద్యశాస్త్రం చెబుతుంది. హకీం చూపిన దారి వట్టి పిరికి దారి కాదన్నమాట. అయితే ఇందులో ఒక లోపం లేకపోలేదు. మద్యం తగ్గినచోట పుట్టిన వెలితిని పూడ్చడానికి ఫలూనియా అనే మత్తు లేహ్యం వచ్చింది. తరువాత దాని స్థానంలో నల్లమందు వచ్చింది. నలభై ఆరేండ్ల వయస్సులో ఉదయం ఎనిమిది గురిగింజల ఎత్తు, రాత్రి ఆరు గురిగింజల ఎత్తు నల్లమందు తీసుకొంటున్నట్లు లెక్కతో సహా వ్రాసుకొన్నాడు. ఒక సంకెల సడలించడానికి మరొకటి తొడుగుకొన్నాడు.

ఆయన తమ్ములకు ఆ మాత్రం అదృష్టం కూడ లేకపోయింది. మురాదు 1599లో దక్కనులో మద్యానికే బలి అయినాడు. దానియాలు బురహానుపూరులో ఉండగా, అక్బరు ఆజ్ఞపై కాపలా పెట్టి మద్యం అందకుండ చేశారు. దాహం ఆపుకోలేని రాకుమారుడు తన వేట తుపాకి గొట్టంలో సారా పోసి తెమ్మని నౌకరును బతిమాలాడు. తుపాకిమందు మసి, ఇనుప త్రుప్పు కలిసిన ఆ సారాయే ఆయన ప్రాణం తీసిందని జహంగీరు వ్రాశాడు. వాకిట కాపలా పెట్టవచ్చును గాని మనస్సుకు ఎవరు కాపలా ఉండగలరు?

1605లో గద్దెనెక్కగానే సలీము నూరుద్దీన్ జహంగీరు అయినాడు. ప్రకటించిన పన్నెండు శాసనాలలో మద్యం, మత్తు పదార్థాల తయారీని, విక్రయాన్ని నిషేధించేది ఒకటి. ఆ శాసనం ప్రక్కనే, తాను మాత్రం తాగుతూనే ఉన్నానని కూడ వ్రాసుకొన్నాడు. ఇస్లాం ధర్మంలో మద్యం హరామని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఆయన ముద్రింపించిన కొన్ని బంగారు నాణేలపై గిన్నె చేతబట్టిన పాదుషా బొమ్మే ఉంది! ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో కొలువులో ఉండగా, ఒకరాత్రి తన ఆజ్ఞపైనే తాగిన ఉమరాలను, ఆ ఆజ్ఞ సంగతి మరచి, తరువాత కొందరిని కొరడాలతో కొట్టించాడు, కొందరికి జరిమానా వేశాడు. ఈ భాగం చదివినప్పుడు పాదుషాపై జాలికన్న కోపమే కలుగుతుంది.

1616లో కుమారుడు ఖుర్రం తులాభారంనాడు, అంతవరకు మద్యమెరుగని ఆ ఇరవైనాలుగేండ్ల యువకునికి తండ్రే గిన్నె అందించాడు. మితంగా పుచ్చుకొమ్మని బోధ కూడ చేశాడు. తన కథంతా వివరంగా వ్రాసుకొన్నది ఈ సందర్భంలోనే. కుమారుడు తండ్రిని మించాడు. కొద్ది ఏండ్లకు దక్కను దండయాత్రకు వస్తూ చంబల్ నది వద్ద మద్యమంతా నదిలో పోయించి, పాత్రలు పగులగొట్టించి ఒట్టు పెట్టుకొన్నాడు. ఆ ఖుర్రమే షాజహాను.

పొగాకు సంగతి చెప్పవలసి ఉంది. దానిని మొగలు కొలువుకు తెచ్చింది మన దక్కనే. బీజాపూరు వెళ్లిన అసద్ బేగ్ అక్కడినుండి పొగాకును, రత్నాలు పొదిగిన గొట్టాన్ని తెచ్చి అక్బరుకు సమర్పించాడు. వైద్యులు వద్దన్నందున అక్బరు రెండు మూడు దమ్ములతో ఆపాడు, ఉమరాలు ఆపలేదు. 1617లో జహంగీరు పొగత్రాగరాదని ఆజ్ఞ జారీచేశాడు. ఇరాన్‌లో షా అబ్బాసు కూడ అట్లే నిషేధించాడు. చిత్రమేమంటే, జహంగీరు ఇరాన్‌కు పంపిన రాయబారి ఖాన్ ఆలం పొగ లేనిదే క్షణం ఉండలేనివాడు. షా అతని అవస్థ చూసి, చమత్కారంగా ఒక పద్యం వ్రాసి, అతనికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. పాదుషాల ఫర్మానాలు పొగను ఆపలేకపోయాయి. కొద్దికాలంలోనే హుక్కా దివాణాలకు అలంకారమైంది.

1621 నాటికి జహంగీరుకు ఉబ్బసం ముదిరింది. హకీములు ఒకరి తరువాత ఒకరు చేతులెత్తేశారు. మద్యం పుచ్చుకొంటే కొంత ఉపశమనంగా తోచి పగలు కూడ తాగడం మొదలుపెట్టాడు. ఎండలు ముదిరాక దాని దుష్ఫలితం కనిపించింది. అప్పుడు నూర్జహాను చికిత్సభారం తన చేతికి తీసుకొంది. గిన్నెలు క్రమంగా తగ్గించింది, సరిపడని ఆహారం మాన్పించింది. వైద్యులకన్న ఆమె నేర్పే మిన్న అని పాదుషా వ్రాశాడు. బలవంతాన తొలగించక, పక్కన కూర్చుండి ఒక్కొక్క గిన్నె తగ్గించిన ఆ ఇల్లాలి ఓర్పు, దానియాలు వాకిట నిలిచిన కాపలాకన్న బలమైనదని నాకు తోస్తుంది.

1622లో చేతికి శక్తి చాలక స్వీయచరిత్ర రచనను ముతమద్ ఖానుకు అప్పగించాడు. కుమారుని తిరుగుబాటు, మహబత్ ఖాను చెర ఆయనను మరింత కృంగదీశాయి. 1627లో కాశ్మీరంలో ఉండగా, నలభై ఏండ్లు వెంట ఉన్న నల్లమందుపై రోత పుట్టింది. ద్రాక్షాసవం కొన్ని గిన్నెలు తప్ప మరేదీ నోటికి పోలేదు. లాహోరుకు తిరిగివస్తూ, కొండదారిలో ఒకనాడు గిన్నె అడిగాడు. తెచ్చి పెదవులకు అందించారు. మింగుడు పడలేదు. అక్టోబరు నెలాఖరున ప్రాణం పోయింది. లాహోరు శివారులో, రావీనది ఆవలి ఒడ్డున షాహ్‌దరాలో ఆయన సమాధి ఉంది. దానికి అల్లంత దూరంలో నూర్జహాను సమాధి ఉంది.