జగద్గురు శ్రీ హీరవిజయసూరి

రాజ్యములు చేతులు మారునపుడు మొదట నలిగిపోవువారు రైతులును, వర్తకులును. క్రీ.శ. 1572లో అక్బరు చక్రవర్తి అహమ్మదాబాదును వశపరచుకొనునాటికి గుజరాతు దేశము అట్టి దశలోనే యుండెను. సుల్తానుల అధికారము క్షీణించి సర్దారులు తమలో తాము పోరాడుచుండిరి. క్రొత్త ప్రభువు మనస్సు ఎట్టిదో ఎవరికిని తెలియదు. అట్టి కాలమున ధనముగాని, ఆయుధముగాని లేని ఒక మునివర్యులు ప్రభువునకును ప్రజలకును నడుమ నిలిచి పలువురికి అభయము కలిగించిరి. వారే తపాగచ్ఛాధిపతులైన శ్రీ హీరవిజయసూరి.

సూరిగారు క్రీ.శ. 1527లో పాలన్‌పురమున ఓస్వాల్ కుటుంబమునందు జన్మించిరి. తలిదండ్రులు గతించిన పిమ్మట పాటణములోని అక్కగారి యింటికి చేరి, అచ్చట శ్రీ విజయదానసూరి ఉపదేశములు విని, 13వ యేట దీక్ష గైకొనిరి. గురువుగారు ఆయనను న్యాయశాస్త్రము చదువుటకై దక్షిణదేశమునందలి దేవగిరికి పంపిరి. నేటి దౌలతాబాదే ఆ దేవగిరి. విద్య ముగించి తిరిగివచ్చిన తరువాత సిరోహి నగరమున 1553 ప్రాంతమున ఆచార్యపదవి లభించినది. గుజరాతులో అల్లకల్లోలముగా నున్న ఆ దినములలో, తప్పుడు ఫిర్యాదులు నమ్మిన అధికారులు కొందరు ఆయనను బంధింపజూచిరనియు, కొంతకాలము ఆయన మరుగున నుండవలసివచ్చెననియు చరిత్రకారులు వ్రాసిరి.

1575లో అక్బరు ఫతేపూర్ సిక్రీయందు ఇబాదత్‌ఖానాను నెలకొల్పి మతవిషయములపై చర్చలు జరిపించుచుండెను. ఆగ్రాలో చంపా అను శ్రావిక ఆరు నెలల ఉపవాసము చేసినదని విని ఆశ్చర్యపడి, ఆమె గురువెవరని విచారింపగా సూరిగారి పేరు తెలిసినదని చెప్పుదురు. 1582లో చక్రవర్తి గుజరాతు సుబేదారైన శిహాబుద్దీన్ అహమ్మద్‌ఖాను ద్వారా ఆహ్వానము పంపెను.

సూరిగారు అప్పుడు గంధార రేవుపట్టణమున నుండిరి. సంఘములో పెద్ద చర్చ జరిగెను. పాదుషా దర్బారునకు పోయినచో ఏమి కీడు మూడునోయని కొందరు భయపడిరి. పోకున్న ఆగ్రహము సంఘము మీదికే వచ్చునని కొందరు తలచిరి. అందరి మాటలు విని, వెళ్లుటయే ధర్మమని సూరిగారు నిశ్చయించిరి. సుబేదారు ఏనుగులు, గుఱ్ఱములు, ధనము సమకూర్చెదననగా ఆయన ఒక్కటియు స్వీకరింపలేదు. గంధారము నుండి అహమ్మదాబాదు, పాటణము, సిరోహి, మేడ్తా, సాంగానేరుల మీదుగా పాదచారులై 1583 జూన్ నెలలో ఫతేపూర్ సిక్రీ చేరిరి.

మొదట అబుల్ ఫజల్ ఆయనతో సంభాషించి పాండిత్యమును గ్రహించెను. తరువాత చక్రవర్తి దర్శనమైనది. పరచిన తివాచీ క్రింద సూక్ష్మజీవులు ఉండవచ్చునని సూరిగారు దానిపై అడుగుపెట్టలేదనియు, తివాచీ ఎత్తి చూడగా నిజముగనే చీమలు కనబడెననియు ప్రతీతి. అక్బరు తనవద్ద నున్న గ్రంథభాండారమును సమర్పించగా, ఆయన మొదట కాదని, పిదప స్వీకరించి, అందరికిని ఉపయోగపడునట్లు ఆగ్రాలోనే భద్రపరపించిరి.

ఏమైనను కోరుకొమ్మని చక్రవర్తి పట్టుబట్టగా సూరిగారు తమకై ఏమియు అడుగలేదు. చెఱలోనివారిని విడువవలెననియు, పంజరములోని పక్షులను వదలవలెననియు, పర్యూషణ దినములలో జీవహింస మానిపింపవలెననియు కోరిరి. ఆ ఎనిమిది దినములకు అక్బరు మరి నాలుగు చేర్చి 12 దినములకు ఫర్మానా ఇచ్చెను. డాబర్ చెరువులో చేపలు పట్టుట మాన్పించెను. 1584లో సూరిగారికి జగద్గురు బిరుదము నొసగెను.

ఆ సమయముననే గుజరాతు మరల రగిలినది. 1583 సెప్టెంబరులో పాత సుల్తాను ముజఫర్‌షా అహమ్మదాబాదును తిరిగి ఆక్రమించెను. 1584 జనవరిలో సర్ఖేజ్ వద్ద అబ్దుర్రహీం అతనిని ఓడించువరకు ఆ నగరమునకు శాంతి లేదు. తిరుగుబాటు చేసిన దేశము నుండి వచ్చిన గురువైనను, సూరిగారిపై చక్రవర్తికిగల గౌరవము తరుగలేదు. ఏ పక్షమునకును చెందక, ఏ లాభమును ఆశింపనివారిని అనుమానించుటకు ప్రభువునకు కారణమేమి యుండును?

1586 ప్రాంతమున సూరిగారు ఉత్తరదేశము విడిచి స్వదేశమునకు బయలుదేరిరి. శిష్యులైన శాంతిచంద్ర, భానుచంద్రులు దర్బారున పని కొనసాగించిరి. శాంతిచంద్రులు అక్బరు దయాగుణమును వర్ణించుచు కృపారసకోశము రచించిరి. శత్రుంజయ తీర్థమునందలి ఆదీశ్వరాలయములో 1590ల తొలి యేండ్లలో చెక్కిన శాసనము ఈ ప్రయత్నముల ఫలములను పేర్కొనుచున్నది. జిజియా తొలగింపు, మృతుల ఆస్తిని ప్రభుత్వము గైకొనకుండుట అందు ముఖ్యములు. ఆస్తిని గూర్చిన ఈ కట్టడి వర్తక కుటుంబముల వితంతువులకు ఎంత రక్షణయో వేరుగ చెప్పనక్కరలేదు. జిజియాను అక్బరు 1564లోనే రద్దుచేసియుండెను. కాని రాజధానిలోని ఆజ్ఞ దూరదేశపు అధికారులవరకు చేరుటకు పలుమారులు అడుగవలసివచ్చెడిది. ఆ అడుగు పనినే గురుశిష్యులు విసుగులేక చేసిరి.

ఇంటిలోని కలహమును గూడ ఆయన ఉపేక్షింపలేదు. స్వగచ్ఛీయులైన ధర్మసాగరులు ఇతర గచ్ఛములను తీవ్రముగ ఖండించుచు గ్రంథములు వ్రాయగా కలతలు రేగినవి. సూరిగారు 12 నియమములతో ఆజ్ఞాపత్రమును వెలువరించి, పరగచ్ఛనిందను కట్టడిచేసిరి. పాదుషాను దయ అడిగినవారు తమవారిని సహనము అడుగకుండుట తగదని వారి భావము కాబోలు.

1595లో సౌరాష్ట్రమునందలి ఉనా గ్రామమున సూరిగారు కాలధర్మము నొందిరి. అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో నాటి విద్వాంసుల పట్టిక వ్రాయుచు ఆయనను మొదటి శ్రేణిలో నిలిపెను. జహంగీరు కాలమునను ఆ సంబంధము తెగలేదు. 1610లో పర్యూషణ హింసానిషేధము వెలువడిన ఘట్టమును ఉస్తాద్ శాలివాహన్ అను చిత్రకారుడు, ఆగ్రా సంఘము సూరిగారి శిష్యులైన విజయసేనసూరికి పంపిన విజ్ఞప్తిపత్రముపై చిత్రించెను.

వర్తకమున మాటకు విలువ వచ్చుట, ఆ మాట వెనుక స్వలాభము ఎంత తక్కువగా కనబడునో దానిని బట్టి యుండును. రాజకీయములందును అంతియే. ఇచ్చెదనన్న సంపదనెల్ల కాదని, ఇతరుల ప్రాణములనే వరముగా అడిగినందుననే హీరవిజయసూరి మాట సింహాసనమువద్ద చెల్లినది. సంఘపెద్దలు పరుల తగవులు తీర్పబూనునపుడు ఈ ఒక్క విషయము జ్ఞాపకముంచుకొనదగినది.