మిత్రుని కుంచెలో బజీల్



ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో మోంపెలియే అనే నగరం ఉంది. ఆ నగరంలో ఒక సంపన్న కుటుంబాన 1841 డిసెంబరు 6న ఫ్రెడరిక్ బజీల్ జన్మించాడు. కుమారుడు వైద్యుడు కావాలని తల్లిదండ్రుల కోరిక. ఆ చదువు కోసమే అతడు 1862లో పారిస్ చేరాడు. కాని అతని మనస్సు చిత్రలేఖనం మీదనే నిలిచింది. గ్లేర్ అనే గురువు చిత్రశాలలో మోనే, రెన్వా, సిస్లీ అనే యువకులు అతనికి మిత్రులయ్యారు. 1864లో వైద్య పరీక్షలో తప్పిన తరువాత బజీల్ తన జీవితాన్ని చిత్రకళకే అంకితం చేశాడు.

అతని మిత్రులలో మోనే, రెన్వా పేదవారు. రంగులు కొనడానికి కూడ వారికి డబ్బు చాలేది కాదు. బజీల్ తన చిత్రశాలలోనే వారికి చోటు ఇచ్చాడు. 1867లో మోనే గీసిన ‘తోటలో స్త్రీలు’ అనే పెద్ద చిత్రాన్ని ప్రభుత్వ ప్రదర్శన వారు తిరస్కరించారు. బజీల్ దానిని 2,500 ఫ్రాంకులకు కొన్నాడు. నెలకు 50 ఫ్రాంకుల చొప్పున చెల్లిస్తూ మిత్రుని ఆదుకున్నాడు.

అదే సంవత్సరం ఒకనాడు బజీల్, సిస్లీ ఒకే కొంగను ఎదుట పెట్టుకొని చెరొక చిత్రం గీయసాగారు. రెన్వా మాత్రం కొంగను గీయలేదు. కొంగను గీస్తున్న బజీల్‌నే గీశాడు. ఆ చిత్రంలో బజీల్ ముందుకు వంగి, కుంచె చేతబట్టి, పనిలో లీనమై కూర్చున్నాడు. వెనుక గోడ మీద మోనే గీసిన మంచు దృశ్యం కనిపిస్తుంది. ఈ విధంగా ఒక్క చిత్రంలోనే మిత్రుల స్నేహమంతా ఇమిడింది.

1870లో ఫ్రాన్సు, ప్రష్యా దేశాల మధ్య యుద్ధం వచ్చింది. బజీల్ తనంతట తానే సైన్యంలో చేరాడు. నవంబరు 28న బోన్ లా రోలాండ్ యుద్ధంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు ఇంకా ఇరవై తొమ్మిది నిండలేదు. తండ్రి స్వయంగా వెళ్లి కుమారుని దేహాన్ని స్వగ్రామానికి తెచ్చుకున్నాడు.

నాలుగేండ్ల తరువాత, 1874లో, ఆ మిత్రులు తమ మొదటి ప్రదర్శన జరిపారు. వారికే ఇంప్రెషనిస్టులు అనే పేరు వచ్చింది. ఆ కీర్తిని చూడటానికి బజీల్ లేడు. 1876లో జరిగిన రెండవ ప్రదర్శనలో రెన్వా గీసిన బజీల్ చిత్రం కనిపించింది. అప్పుడది మానే అనే చిత్రకారుని సొత్తు. బజీల్ తండ్రి ‘తోటలో స్త్రీలు’ చిత్రాన్ని మానేకు ఇచ్చి, దానికి బదులుగా కుమారుని రూపాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

బాలలారా, బజీల్ మిత్రుని కష్టం తీర్చడానికి ఒక చిత్రం కొన్నాడు. ఆ చిత్రమే చివరకు అతనిని తండ్రి వద్దకు చేర్చింది. చేసిన మేలు ఎన్నటికీ వృథా పోదు.