కాలువ త్రవ్వించిన సేవకుడు: క్లౌ దొరగారు

ధ్యానమునకు: 1 కొరింథీయులకు 1:26-29; 2 థెస్సలొనీకయులకు 3:7-12

మన పల్లెసంఘములను గూర్చి లోకులు పలుకు నింద ఒకటి కలదు. మీ తాతలు బియ్యము కొరకు మతములో కలిసిరని వారందురు. కూలికి పోయిన చోటనో, సంతలోనో, పిల్లల బడిలోనో ఈ మాట వినని విశ్వాసి అరుదు. అందుచేత ఈ మాసమున మేము జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితమును మీ ముందుంచ గోరుచున్నాము. ఆ నిందకు ఆయన నడవడియే జవాబు.

ఆయన 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా దేశములో, న్యూయార్కు రాష్ట్రపు ఫ్రూస్‌బర్గు గ్రామ సమీపమున ఒక సేద్యపు కుటుంబములో పుట్టిరి. క్రొత్త నేలలు వెదకుకొనుచు ఆ కుటుంబము పడమటికి, ఇల్లినాయి రాష్ట్రమునకును తరువాత అయోవా రాష్ట్రమునకును తరలిపోయెను. బాలుడు పొలము పని నేర్చెను. యౌవనమున మిన్నెసోటా అడవులలో భూమిని కొలుచు సర్వే వారితో కలిసి గొలుసు లాగి, లెక్కలు వ్రాసి కష్టపడెను. ఆ కొలతల విద్య మరియొక దేశములో వేలమంది ప్రాణములు నిలుపునని అప్పుడెవరు తలంచిరి? తాను గొప్ప న్యాయవాది కావలెనని ఆయన కోరిక. కాలేజీలో చదువుచుండగా ప్రభువు ఆయనను పట్టుకొనెను.

1864వ సంవత్సరాంతమున క్లౌగారు, ఆయన భార్య హారియెట్ అమ్మగారు ఓడ యెక్కి మరుసటి సంవత్సరము మన దేశము చేరిరి. నెల్లూరులో తెలుగు నేర్చుకొని 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చిరి. అంతకు పండ్రెండేండ్ల ముందు, 1854 జనవరి 1వ తేదీ ఉదయమున, జూయెట్ దొరగారు కొందరు విశ్వాసులతో ఒంగోలు కొండమీద మోకరించి ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొని యుండిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడెను.

ఆ మాసమందే తాళ్లకొండపాడు నుండి పిలుపు వచ్చెను. ఆ ఊరి మాదిగ పల్లెకు చెందిన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారి. ఆయన ముందుగానే బాప్తిస్మము పొంది, తన బంధువులకు సువార్త చెప్పుచు ఊరూర తిరుగుచుండెను. క్లౌగారు వెళ్లి చూడగా పంట సిద్ధముగా నుండెను. 28 మంది బాప్తిస్మము పొందిరి. విత్తినవాడు మన తెలుగువాడే. దొరగారు కోతకు వచ్చిరి. ఈ సంగతిని మనము మరువరాదు.

అయితే వెంటనే శోధన కలిగెను. ఒంగోలులో అగ్రకులములవారు కొందరు దొరగారి బోధ వినుచు బడికి తమ పిల్లలను పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొనినచో మేము రామని వారు తేల్చి చెప్పిరి. క్లౌగారు కలతచెంది ప్రార్థించి బైబిలు తెరువగా, పైన చెప్పిన కొరింథీ పత్రిక భాగము కనబడెను. వేరొక గదిలో అమ్మగారికిని అదే భాగము దొరకెను. లోకము ఎన్నికలేనివారనిన వారిని దేవుడు ఏర్పరచుకొనెనను ఆ మాటతో వారి సందేహము తీరెను. అగ్రకుల బాలురు బడి విడిచిపోయిరి. దొరగారు పల్లె వైపే నిలిచిరి.

తరువాత 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరువు. పెద్దలు దానిని ధాత కరువనిరి. దక్షిణ దేశమున లక్షలాది జనులు చనిపోయిరి. అప్పుడు ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండెను. క్లౌగారు అందులో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొనిరి. చిన్ననాడు నేర్చిన కొలతల విద్య ఇప్పుడు అక్కరకు వచ్చెను. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి పని చూపి, త్రవ్విన మట్టిని కొలిచి న్యాయమైన కూలి ఇప్పించిరి. సాయంకాలము ఆ బోధకులే జనుల మధ్య కూర్చుండి క్రీస్తును గూర్చి చెప్పిరి.

ఇక్కడనే మనము గమనింపవలసిన సంగతి ఉన్నది. కరువు పని సాగినంత కాలము, సుమారు పదునైదు నెలలు, క్లౌగారు బాప్తిస్మములు ఆపివేసిరి. ఎందరు వచ్చి అడిగినను ఇయ్యలేదు. అన్నము చూచి ఎవరును ప్రభువు పేరు పెట్టుకొనరాదని ఆయన పట్టుదల. 1878లో సహాయము పంచుట ముగిసినది, ఇక డబ్బు లేదు, ఇండ్లకు పొండని చెప్పినను జనులు కదలలేదు. మాకు సహాయము అక్కరలేదు, మా చేతుల బొబ్బలు చూడుడి, పనిచేసియే బ్రదికితిమి, మరల పంట పోయినను క్రైస్తవులముగానే చత్తుమని వారు జవాబిచ్చిరి.

1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతున, నీళ్లలో నిలిచి ఇచ్చిరి. దొరగారు ఆ దినమున తమ చేతితో ఒకరికిని ఇయ్యలేదు. ఆ సంవత్సరము ముగియునప్పటికి తొమ్మిది వేలకు పైగా చేరిరి.

ఇంత త్వరగా ఇంతమందిని చేర్చుకొనుట తగదని కొందరు విమర్శించిరి. ఆ భయము ఊరకనే పుట్టలేదు. చేరినవారు వేలు, బోధించువారు కొద్దిమంది. అందుకే బడులు, ఉపాధ్యాయులు, రామాయపట్నపు వేదాంత పాఠశాలలో చదివిన బోధకులు సంఘములకు ప్రాణాధారమైరి. కోసిన పంటను కళ్లములో విడిచిపెట్టిన రైతు నష్టపోవును గదా.

1893లో హారియెట్ అమ్మగారు ప్రభువునందు నిద్రించిరి. మరుసటి ఏట ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారిని వివాహమాడిరి. ముదిమిలో ప్రమాదము జరిగి, ఊరూర గుఱ్ఱముమీద తిరిగిన ఆ మనుష్యునికి నడక పోయెను. అయినను ఒంగోలునే తలంచుచుండిరి. 1910 నవంబరు 24వ తేదీన అమెరికాలోని రోచెస్టరు పట్టణమున, 74 ఏండ్ల వయసున కన్నుమూసిరి. ఆయన చెప్పగా ఎమ్మా అమ్మగారు వ్రాసిన జీవితచరిత్ర 1914లో అచ్చయ్యెను.

ప్రియులారా, మన తాతల నింద ఇప్పుడు తొలగినది. బియ్యము పంచినప్పుడు బాప్తిస్మము లేదు. బాప్తిస్మమిచ్చినప్పుడు బియ్యము లేదు. బొబ్బలెక్కిన చేతులతో వారు నదిలో దిగిరి. మనము వారిని గూర్చి సిగ్గుపడక, మన బిడ్డలకు ఈ సంగతి చెప్పుదము. మన సంఘమందును బీదవానికిచ్చు సహాయమునకు విశ్వాసమును వెలగా అడుగక, ఆకలిగొన్నవానికి ఆకలిని బట్టియే పెట్టుదము. పని చేయు చేతిని గౌరవింతము. ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.