పరమహంస నియమం, అమ్మ పెట్టిన రెండు రొట్టెలు



శ్రీరామకృష్ణ పరమహంస ఎంత కఠినమైన నియమాల్లో బతికారో మనలో చాలామందికి తెలుసు. ఆ నియమాలకి ప్రేమగా అడ్డం నిలబడిన మనిషి కూడా ఒకరున్నారు. ఆయన భార్య, మన శారదామాత. నాకు పరమహంస జీవితంలో బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఆయన 1836లో బెంగాల్‌లోని కామార్పుకూర్‌లో పుట్టారు. 1855లో రాణీ రాస్మణి దక్షిణేశ్వరంలో కాళీమాత గుడి ప్రతిష్ఠ చేయించారు. కొన్నాళ్లకే ఆయన అక్కడ అర్చకులయ్యారు. 1859లో పెళ్లి. ఆయనకి 23 ఏళ్లు, జయరాంబాటి అమ్మాయి శారదకి అయిదేళ్లు. ఆ రోజుల్లో అలాగే చేసేవారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి సాధన. డబ్బు, మట్టి రెండూ ఒకటే అనుకోవడానికి రెండిటినీ గంగలోకి విసిరేశారు. చివరికి నాణెం తగిలితే చెయ్యి వంకర తిరిగిపోయే స్థితి వచ్చింది. ఒకసారి భోజనం అయ్యాక శారదామాత తర్వాత వేసుకోమని కొంచెం మసాలా దినుసులు పొట్లం కట్టి ఇచ్చారట. సన్న్యాసి దాచుకోకూడదు కదా, ఆ పొట్లం చేతిలో ఉండగా ఆయనకి తన గదికి దారే తెలియలేదు! నాలుగడుగుల దూరంలో ఉన్న గది అది. నియమం ఆయన మనసులోనే కాదు, ఒంట్లోకి కూడా ఇంకిపోయింది.

1872లో శారదామాత దక్షిణేశ్వరం వచ్చారు. ఆయన గదికి దగ్గర్లోనే నహబత్ అనే చిన్న కట్టడంలో, ఇరుకు గదిలో ఉండి, అక్కడే ఆయనకి వంట చేసేవారు. ఆయన దగ్గరికి వచ్చే కుర్రాళ్లకీ అమ్మే వండేవారు. రాత్రి ధ్యానానికి కడుపు బరువు కాకూడదని ఎవరెన్ని రొట్టెలు తినాలో పరమహంస లెక్క పెట్టారు. బాబూరామ్‌కి నాలుగు. తర్వాత స్వామి ప్రేమానంద అయ్యింది ఈయనే. ఒకరోజు అడిగితే అయిదో ఆరో తిన్నానని చెప్పేశాడు. ఎవరు పెట్టారంటే, అమ్మే.

పరమహంస నేరుగా నహబత్‌కి వెళ్లి, ఇలా పెడితే ఈ పిల్లల సాధన ఏమవుతుందని అడిగారు. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నందుకు ఇంత దిగులెందుకని అమ్మ తిరిగి అడిగారు. వాళ్ల భవిష్యత్తు తను చూసుకుంటానని, పిల్లల్ని ఏమీ అనొద్దని చెప్పారు. ఆయన మరి మాట్లాడలేదు.

భక్తులు తెచ్చిన పళ్లు, మిఠాయిలు కూడా అంతే. ఆయనకి కాస్త ఉంచి మిగతాదంతా వచ్చినవాళ్లకీ పిల్లలకీ పంచేసేవారు. ఇలా ఖర్చు చేస్తే ఎలాగని ఒకసారి పరమహంస అన్నారు. అమ్మ ఒక్క మాట అనకుండా ముఖం తిప్పుకుని వెళ్లిపోయారు. అంతే, ఆయన కంగారుపడి అన్నకొడుకు రామ్‌లాల్‌ని పిలిచి, వెళ్లి మీ పిన్నిని శాంతింపజెయ్యమని పంపించారు.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి. నడవడి మంచిది కాదని పేరున్న ఒకావిడ, అమ్మ చేతిలోంచి కంచం అడిగి తీసుకుని పరమహంస ముందు పెట్టి వెళ్లింది. ఆయన అన్నం ముట్టలేకపోయారు. ఇంకెప్పుడూ కంచం ఇంకొకరి చేతికి ఇవ్వనని మాట ఇవ్వమన్నారు. అమ్మ చేతులు జోడించి, ఆ మాట మాత్రం ఇవ్వలేనన్నారు. అమ్మా అని పిలిచి అడిగితే కాదనడం తన వల్ల కాదన్నారు. ఆయన తన ఒక్కదానికే కాదు, అందరికీ చెందినవారని కూడా చెప్పారు. పరమహంస సంతోషించి భోంచేశారు.

అలాగని అమ్మకి పట్టింపులే లేవనుకోకండి. లక్ష్మీనారాయణ్ అనే మార్వాడీ భక్తుడు 10,000 రూపాయలు ఇవ్వబోతే పరమహంస వద్దన్నారు. నువ్వు తీసుకుంటావా అని అమ్మని అడిగించారు. తను తీసుకున్నా ఆయన తీసుకున్నట్టేనని అమ్మ కూడా వద్దనేశారు. పంచేటప్పుడు లెక్క చూడని ఆ చెయ్యి, తీసుకోవడానికి మాత్రం చాచలేదు.

నాకు ఇక్కడే విషయం అర్థమైంది. డబ్బు ముట్టని నియమం ఆయన తన కోసం పెట్టుకున్నది, దాన్ని అమ్మ ఎప్పుడూ కదపలేదు. ఆ నియమం పక్కవాళ్ల ఆకలి మీదకో, ఒక మనిషి గౌరవం మీదకో వెళ్లినప్పుడే అడ్డుపడ్డారు. అంతటి పరమహంస కూడా అలాంటప్పుడు తగ్గారు.

కార్తీకమాసంలోనో, మాల వేసుకున్నప్పుడో మన నియమాలు ఇంట్లో ఎవరి మీద పడుతున్నాయో ఒక్కసారి చూసుకుందాం. ఉపవాసం మనది. వంటింట్లో నిలబడేది ఎవరు? వాళ్లు నవ్వుతూ ఒక రూల్ పక్కన పెడితే, కోప్పడే ముందు ఆ నహబత్ గదిని గుర్తు చేసుకుందాం.

జై శ్రీరామకృష్ణ! జై మా శారద!