నూరుగురిని వెంటబెట్టుకుని కాశీకి వెళ్ళివచ్చిన ఉద్యోగి: ఏనుగుల వీరాస్వామయ్య గారు



ఈ ప్రత్యేక సంచికను విహారయాత్రలకు కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించినప్పుడు, గండికోట యాత్ర వివరాలతో పాటు ఒక మహనీయుని జీవితాన్ని కూడా ప్రచురిస్తే బాగుంటుందని కొందరు మిత్రులు అన్నారు. ఆ బాధ్యత నామీద పడింది. ఎవరిని గురించి వ్రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా ఒక చిన్న సంఘటన జరిగింది. యాత్రకు మొట్టమొదట పేరు ఇచ్చిన మన పెద్ద సభ్యులొకరు ఒక సాయంత్రం వచ్చి, జాబితాలో తమ పేరు కొట్టివేయమన్నారు. మోకాళ్ళ నొప్పులట. తమ వల్ల పాతికమంది ఆగవలసి వస్తుందని, తాము ఎవరికీ భారం కాకూడదని వారి బాధ. ఆయన వెళ్ళిన తరువాత నాకు గుర్తుకు వచ్చిన పేరు ఏనుగుల వీరాస్వామయ్య గారిది.

వీరాస్వామయ్య గారు మనవలె ఉద్యోగి. సుమారు 1780 ప్రాంతంలో జన్మించారు. తొమ్మిదేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. ఆ రోజుల్లో కారుణ్య నియామకాలు లేవు, కుటుంబ పింఛను లేదు. మద్రాసులో ఇంగ్లీషు వచ్చినవాడికి కుంపిణీ కచేరీలలో కూడు దొరుకుతుంది. ఆ పిల్లవాడు పన్నెండేళ్ళు వచ్చేసరికి ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగాడు. మొదట జీతం లేని వాలంటీరుగా కచేరీలో చేరి, పని నేర్చుకుని, మెట్టు మెట్టుగా పైకి వచ్చారు. చివరకు మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన ఇంటర్‌ప్రిటరు అయ్యారు. తెల్ల న్యాయమూర్తికి తెలుగు, తమిళ సాక్షి చెప్పే మాటను ఇంగ్లీషులో చెప్పడం ఆ ఉద్యోగం. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఒక మనిషి ఆస్తి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. విన్నది విన్నట్టుగా, కలపకుండా, తగ్గించకుండా చెప్పే అలవాటు ఆయనకు అక్కడ పట్టుబడి ఉంటుంది. ఆ అలవాటే తరువాత తెలుగు వారికి ఒక పుస్తకాన్ని ఇచ్చింది.

యాభై ఏళ్ళ వయసులో ఆయనకు కాశీయాత్ర సంకల్పం కలిగింది. నేడు యాభై అంటే మనకు పిల్లవాడితో సమానం. ఆనాడు అలా కాదు. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే అనే సామెత ఊరికే పుట్టలేదు. రైలు లేదు, ఆసుపత్రులు లేవు, దారిపొడవునా కలరా భయం ఉండేది. మధ్య భారతపు బాటలలో బాటసారులతో స్నేహంగా కలిసి నడిచి, అదను చూసి ఉరివేసి చంపి దోచుకునే థగ్గుల ముఠాలు ఉండేవి. వారిని అణచివేసే పనిని స్లీమన్ దొర జబ్బలపూరు కేంద్రంగా 1830 తరువాతి సంవత్సరాలలో సాగించారు. అటువంటి రోజులలో వీరాస్వామయ్య గారు కోర్టువారి సెలవు పొంది, 1830 మే 18వ తేదీ రాత్రి మద్రాసు నుండి బయలుదేరారు. ఎల్.టి.సి. లేదు, టి.ఏ. బిల్లు లేదు. ఒంటరిగా కూడా వెళ్ళలేదు. కుటుంబ సభ్యులు, బ్రాహ్మణులు, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు కలిసి సుమారు నూరుమంది ఆయన వెంట నడిచారు.

మన యాత్రకు పాతికమందిని కూడగట్టడానికి మనం పడిన అవస్థ అందరికీ తెలిసినదే. ఒకరికి పై బెర్తు వద్దు, ఒకరికి చక్కెర వ్యాధి, మరొకరికి ఉల్లిపాయ పనికిరాదు. నూరుమందికి ప్రతిరోజూ బియ్యం, పప్పు, కట్టెలు, నీళ్ళు, రాత్రి పడుకోవడానికి చోటు చూడడమంటే ఎంత పని! అదీ ఒకరోజు కాదు, పదిహేను నెలలకు పైగా.

ఆయన వెళ్ళిన దారిని మన సభ్యులు శ్రద్ధగా గమనించాలి. తిరుపతి సేవించుకుని, బాలపల్లె, కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట మీదుగా కడప చేరారు. తడ నుండి గూడూరు, రేణిగుంట మీదుగా మనల్ని ముద్దనూరుకు చేర్చే రైలు, రేణిగుంట దాటగానే పట్టేది ఇంచుమించు ఆ దారినే. శేషాచలం కొండల అంచున బాలపల్లె స్టేషను వస్తుంది. ఆ తరువాత కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట అనే పేర్లు ఒకటొకటిగా బోర్డుల మీద కనిపిస్తాయి. కిటికీ దగ్గర కూర్చుని మనం టీ తాగే సమయంలో దాటే దూరం ఆయన బృందానికి ఒక పూట నడక. మద్రాసు, బొంబాయి మధ్య రైలు మార్గం పూర్తి అయినది 1871లో. అంటే ఆయన నడిచిన నలభై ఏళ్ళకు.

కడప దాటాక మన రైలు ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు చేరుతుంది. అక్కడి నుండి బస్సులో జమ్మలమడుగు దగ్గరి గండికోట. చెట్టు కరువైన ఎండు రాతినేల మీద పోతూ పోతూ ఉండగా ఉన్నట్టుండి నేల తెగిపోయి, సుమారు మూడువందల అడుగుల కింద పెన్నానది కనిపిస్తుంది. ఎర్రమల కొండలను ఆ నది కోసుకుపోయిన లోయ అది. పలకలు పేర్చినట్టున్న ఆ ఎర్రరాతి గోడలను చూసినవారు అమెరికాలోని గ్రాండ్ కెన్యన్‌తో పోలుస్తారు. వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో అక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు.

వీరాస్వామయ్య గారు కడప నుండి గండికోట వైపు తిరగలేదు. ఉత్తరంగా అహోబిలం, మహానంది మీదుగా ఆత్మకూరు చేరి, నల్లమల అడవి గుండా శ్రీశైలం ఎక్కారు. అయితే అక్కడ కూడా ఆయన ఎదుట ఒక మహా లోయే ఉంది. కొండలను కోసుకుని ఎంతో లోతున కృష్ణ పారే చోటు అది. పాతాళగంగ అనే పేరులోనే ఆ లోతు తెలుస్తుంది. ఆనాటికి ఆనకట్ట లేదు, జలాశయం లేదు, ఘాట్ రోడ్డు లేదు. అడవిలో కాలిబాట, రాతిమెట్లు, చెంచుల గూడేలు మాత్రమే. ఆ క్షేత్రం అప్పుడు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. వచ్చే యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవారు.

శ్రీశైలం నుండి దిగి, కృష్ణ దాటి హైదరాబాదు, నిర్మల, నాగపూరు, జబ్బలపూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరారు. గంగ మీద పడవలలో కొంత ప్రయాణం సాగింది. గయలో పితృకార్యాలు చేసుకుని కలకత్తా చూశారు. తిరుగు ప్రయాణంలో జగన్నాథం సేవించుకుని, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా తూర్పు తీరం వెంట దక్షిణానికి వచ్చారు. నెల్లూరు నుండి మద్రాసుకు పోవాలంటే మన ప్రాంతం గుండా పోవలసిందే. ఎడమచేతి వైపు పులికాట్ సరస్సు గాలి తగులుతూ ఉండగా, ఇల్లు దగ్గర పడిందనే ఆత్రంతో ఆ అలసిన బృందం ఇటుగా నడిచి ఉంటుంది. మన తడ మీదుగా మద్రాసు, బెజవాడల మధ్య రైలు నడిచింది 1899లో. వారు 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరుకున్నారు.

ఇక్కడ మరొక విశేషం చెప్పుకోవాలి. ఆయన ఇంకా దారిలో ఉండగానే, 1830 సెప్టెంబరు 15న ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టరు నగరాల మధ్య రైలు ప్రారంభమయింది. పదకొండేళ్ళ తరువాత, 1841 జూలై 5న థామస్ కుక్ అనే ఆయన సుమారు అయిదువందల మందిని లెస్టరు నుండి లఫ్‌బరో వరకు రైలులో తీసుకుపోయి తీసుకువచ్చారు. బృంద యాత్రల చరిత్రను లోకం ఆయనతోనే మొదలుపెడుతుంది. కుక్ గారి గొప్పదనం కుక్ గారిదే. కాని రైలు కూత వినకుండా, వ్యాపారం తలపు లేకుండా, నూరుమందిని మూడు నదీతీరాలు దాటించిన ఒక తెలుగు ఉద్యోగి అంతకు ముందే ఉన్నారని మన పిల్లలకు మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఆయన యాత్ర చేసి ఊరుకోలేదు. మజిలీ మజిలీకి చూసినదంతా వ్రాసి మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి పంపుతూ వచ్చారు. ఆ వ్రాతలలో దేవుళ్ళు, తీర్థాలు మాత్రమే ఉంటాయనుకుంటే పొరపాటు. ఏ ఊరు ఎంత దూరం, దారి రేగడా ఇసుకా, బావి నీళ్ళు తాగడానికి పనికి వస్తాయా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి వసతి ఉందా, ఏరు దాటడానికి పడవ దొరుకుతుందా, ఇవన్నీ ఉన్నాయి. ఏ ప్రాంతంలో ఏ పంటలు, ఏ ఆచారాలు, ఎవరి పరిపాలన ఎలా ఉంది అనేవి కూడా ఉన్నాయి. భాష కూడా పండితుల గ్రాంథికం కాదు. ఆనాటి మద్రాసులో చదువుకున్నవారు మాట్లాడిన తెలుగు. ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు మాటలు అందులో కలిసిపోయి ఉంటాయి. తన వెనుక వచ్చేవాడు దారి తప్పకూడదు, దాహంతో పడిపోకూడదు అనే ఆలోచన ప్రతి మజిలీ దగ్గరా కనిపిస్తుంది. తన నూరుమందితో పాటు, తాను ఎన్నడూ చూడబోని యాత్రికులను కూడా ఆయన తన బృందంలో చేర్చుకున్నారన్నమాట.

తిరిగి వచ్చాక కూడా నలుగురి కోసం పాటుపడడం మానలేదు. మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ వంటి సంస్థ ఏర్పాటులో మిత్రులతో కలిసి పనిచేశారు. 1833 నాటి నందన కరువులో ఆకలితో మద్రాసుకు తరలివచ్చిన వారికి అన్నం పెట్టించారు. నూరుమందికి రోజూ వండి పెట్టించిన చేయి కదా, ఆ అనుభవం ఊరికే పోలేదు.

ఆయనకు మిగిలిన కాలం మాత్రం తక్కువ. యాత్ర నుండి వచ్చిన అయిదేళ్ళకే, 1836 అక్టోబరు 3న కన్నుమూశారు. పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. ఉత్తరాలు అందుకున్న శ్రీనివాస పిళ్ళె గారే వాటిని భద్రంగా దాచి, 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా అది పేరుపొందింది. తరువాత మరుగున పడుతున్న దశలో దిగవల్లి వేంకటశివరావు గారు 1941లో మళ్ళీ ప్రచురించి మన తరానికి అందించారు. వ్రాసినవాడు ఒకరు, దాచినవాడు ఒకరు, వెలికి తెచ్చినవాడు మరొకరు.

మిత్రులారా, వీరాస్వామయ్య గారు సెలవుకు సమయం కాదనో, ఇల్లు చక్కబడనీ అనో, వచ్చే ఏడు చూద్దామనో ఇంకొక ఆరేళ్ళు ఆగి ఉంటే ఆ యాత్ర లేదు, ఆ పుస్తకం లేదు. మనలో ఎందరమో ఉద్యోగంలో ఉండగా రిటైరయ్యాక అనుకున్నాం. రిటైరయ్యాక అమ్మాయి పెళ్ళి కానీ అనుకున్నాం. ఇప్పుడు మోకాళ్ళు అడ్డం వస్తున్నాయి. బృందంగా వెళ్ళడమంటే అందరికంటె నెమ్మదిగా నడిచేవాడి నడకను అందరూ నడవడమే. ఆ నూరుమందిలో ముసలివారు, జబ్బుపడినవారు ఉండే ఉంటారు. నెమ్మదిగా నడిచినందువల్లనే ఆయనకు దారి పక్కన బావులు, పంటలు, మనుషులు కనిపించారు.

కనుక కార్యవర్గానికి నా మనవి రెండు. మొదటిది, గండికోట వెళ్ళే మనవాళ్ళు ఒక నోటుబుక్కు వెంట తీసుకువెళ్ళాలి. బస్సు ఆగిన చోటినుండి లోయ అంచుకు ఎన్ని అడుగులు, ఎక్కడ మెట్లు ఉన్నాయి, ఎక్కడ కూర్చోవడానికి నీడ ఉంది, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఎక్కడ, ఏ వేళకు ఎండ తగ్గుతుంది అని వ్రాసుకురావాలి. వచ్చే ఏడు వెళ్ళేవారికి అది పనికివస్తుంది.

రెండవది ఆ పెద్దాయన సంగతి. వారి పేరు మీద గీత పెట్టలేదు. రైలులో వారికోసం అనుకున్న కింది బెర్తు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. లోయ అంచు దాకా నడవలేకపోతే మాధవరాయస్వామి గుడి నీడలో కూర్చుంటారు, మనలో ఇద్దరు వారితో కూర్చుంటారు. ఈ సంచిక వారికి అందాక, నిర్ణయం వారిదే.